రైట్ రైట్ సార్

పొద్దున లేచి చూసేసరికి మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నలభై దాకా దండాలు పడి ఉన్నాయి. బొమ్మ దండాలు. 'ఓం శాంతి' అని కొందరు, 'గొప్ప గురువు' అని కొందరు. ఏమీ తోచనివాళ్ళు పక్కవాడి మాటనే మళ్ళీ అతికించారు. వాటన్నిటికీ పైన ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ సందేశం: 'మా కుటుంబ సభ్యుణ్ణి కోల్పోయాం. సంస్థకు తీరని లోటు. ఆదివారం సంతాప సభ. అందరూ రావాలి.'

కుటుంబ సభ్యుడట! ఆ కుటుంబ సభ్యుడు ఒక్క కాగితం మీద సంతకం పెట్టమని అడిగిన రోజు ఈయన పెన్ను జేబులోంచి బయటికి రాలేదు. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ దండాలు పెట్టినవాళ్ళలో సగం మంది సార్ వెనకాల ఆయన మాటను వెక్కిరిస్తూ నవ్వినవాళ్ళే. నేనూ నవ్వాను. ఫోను మంచం మీదికి విసిరేశాను. కాసేపటికి ఏడుపు వచ్చింది కానీ, అంతకంటే ముందు వచ్చింది మాత్రం కోపమే.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఏ కాగితం మీద తన పేరు ఉండాలి, దాని పక్కన ఏ మాట ఉండకూడదు అన్నదాని మీదే ఆయన చచ్చేదాకా కొట్లాడాడు. అలాంటి పేరును నా ఇష్టం వచ్చినట్టు వాడుకోలేను.

మేము ఆయన్ని 'రైట్ రైట్ సార్' అనేవాళ్ళం. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద, కింద జ్యూస్ సెంటరు, మధ్యలో లేడీస్ హాస్టలు, మూడో అంతస్తులో మా ఇన్‌స్టిట్యూట్. అక్కడ సీ అనే కంప్యూటరు భాష నేర్పే లాబ్ ఆయనది. ఎవరి ప్రోగ్రామైనా తప్పుల్లేకుండా కంపైల్ అయితే, అంటే కంప్యూటరు దాన్ని ఒప్పుకుంటే చాలు, బల్ల మీద సుద్దముక్కతో రెండుసార్లు టకటకా కొట్టి "రైట్ రైట్" అనేవాడు. తర్వాత పక్క కంప్యూటరు దగ్గరికి.

నిలబడే తీరు కూడా వింతగా ఉండేది. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వదులుగా ఉంచి, దేన్నీ పట్టుకోకుండా గంటలకు గంటలు నిలబడేవాడు. కుర్చీ ఉన్నా కూర్చునేవాడు కాదు. రికార్డు షీట్లు పంచేటప్పుడు వాటిని నిలువునా మడిచి ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఇరికించుకుని, ఒక్కొక్కటీ బొటనవేలితో తోసి ఇచ్చేవాడు. ఇరుకు బెంచీల మధ్య ఎవరికీ భుజం తగలకుండా పక్కకు తిరిగి నడిచేవాడు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్న అలవాట్లో మాకు చాలాకాలం తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. మాకు ఆయన భాష ఒక్కటే వినపడేది.

"గీ పాయింటర్ గాడికి పోతది. గాడ ఏమున్నదో సూడాలె. సూడకుంట చెయ్యి వెడితే ఎట్ల?"

మాది తెనాలి వైపు. నాన్న కొత్తపేటలో స్టేషనరీ షాపు పెట్టుకుని పదిహేనేళ్ళయినా మా ఇంట్లో 'ఎట్ల' అన్న మాట వినపడేది కాదు. లాబ్‌లో సగం మంది మాలాంటివాళ్ళే. ఒకరోజు భీమవరం కుర్రాడొకడు లేచి, నవ్వు ఆపుకుంటూ, "సార్, కొంచెం మామూలు తెలుగులో చెప్తారా? పాయింటర్ అర్థమవుతోంది, మీరే అర్థం కావట్లేదు" అన్నాడు. లాబంతా నవ్వింది.

ఆయన నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

"నీ భాష నీకుండనీ, నా భాష నాకుండనీ. కంపైలర్‌కు రెండూ రావు. గా నవ్వుడేదో స్క్రీన్ దిక్కు సూసి నవ్వు, పదకొండో లైన్ల సెమికోలన్ లేదు."

నిజంగానే లేదు. ఆ తర్వాత ఆయన ముందు ఎవరూ నవ్వలేదు. వెనకాల మాత్రం ఆగలేదు.

ఆయనకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే. కానీ తప్పు చేసినందుకు తిట్టేవాడు కాదు. తప్పు కంప్యూటరు మీదికి తోసేస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. 'సిస్టమ్ పాడైంది సార్', 'ఏదో తేడాగా వస్తోంది సార్' అని ఎవరన్నా అన్నారా, అయిపోయారే.

"అదే వొస్తదా? దానికి కాళ్ళున్నయా? ఎవడు రాసిండు? నువ్వు రాసినవ్. రాసినోని పేరు చెప్పు ముందుగల."

నేను ఆ లాబ్‌లో ఫస్టు. అందరికంటే ముందు ముగించి చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు గొప్ప. ఆయన చేతిలో నేను తిట్లు తిన్నది ఆ గొప్పకే.

ఆ వారం పాఠం స్ట్రింగ్ లిటరల్స్. ప్రోగ్రాంలో డబుల్ కోట్స్ మధ్య ఒక మాట రాస్తామే, అది. ప్రోగ్రాం మొదలయ్యేసరికే ఆ మాట మెమరీలో ఒకచోట కూర్చుని ఉంటుంది. పాయింటర్ అంటే ఆ చోటి చిరునామా. చిరునామా దొరికింది కదా అని అక్కడికి వెళ్ళి మాటను దిద్దకూడదు. అది చదవడానికే. కానీ సీ చాలా పాత భాష, దిద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపదు. కొన్ని కంప్యూటర్లలో ప్రోగ్రాం అక్కడే కూలిపోతుంది. కొన్నిట్లో కిక్కురుమనకుండా మాట మారిపోతుంది. ఆ ప్రమాదం రాకుండా పాయింటర్ ముందు 'కాన్‌స్ట్' అని ఒక్క మాట చేర్చుకుంటే, ఎవరైనా దాన్ని దిద్దబోయినప్పుడు కంపైలర్ ముందే గోల చేస్తుంది.

"కూలిపొయ్యే ప్రోగ్రాం మంచిది బిడ్డా," అనేవాడు. "మొఖం మీద చెప్తది. కూలకుంట తప్పు నడిసేదాంతోనే పరేషాన్."

ఆ రోజు నా ప్రోగ్రాంకు ఒక హెచ్చరిక వచ్చింది. కాన్‌స్ట్ అని రాసిన మాటను, మాటల్ని దిద్దే ఒక ప్రోగ్రాం ముక్కకు, అంటే ఫంక్షన్‌కు, ఇస్తున్నావు, చూసుకో అని. నేను చూసుకోలేదు. పాయింటర్ ముందు బ్రాకెట్లో చిన్న మార్పు ఒకటి పెట్టాను. దాన్ని కాస్ట్ అంటారు. 'నాకు తెలుసులే, నువ్వు ఊరుకో' అని కంపైలర్‌కు చెప్పడం. హెచ్చరిక మాయమైంది. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

సార్ వచ్చి స్క్రీన్ చూశాడు. "రైట్ రైట్" వస్తుందనుకున్నాను.

"ఎవల్ చెప్పిన్రు నీకు గిది?"

"ఎవరూ చెప్పలేదు సార్. వార్నింగ్ పోవడానికి..."

"వార్నింగ్ పోవాల్నా, తప్పు పోవాల్నా?" గొంతు లాబంతా వినిపించింది. "మొత్తుకునేదాని నోరు మూస్తవా? నోరు మూసి ఫస్టు వచ్చిన అంటవా? లేవు. బయటికి నడు."

కాలేజీలో కూడా నన్నెవరూ అలా అనలేదు. కళ్ళనిండా నీళ్ళతో బ్యాగు తీసుకుని మెట్లు దిగాను. కానీ వీధిలోకి వెళ్ళడానికి లేదు. అవి ఉద్యమం రోజులు. రోజు విడిచి రోజు బందో, రాస్తారోకోనో. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి పెద్ద ర్యాలీ వస్తోందని జ్యూస్ సెంటరువాళ్ళు షట్టరు సగానికి దించేశారు. మెట్ల మీదే కూర్చుండిపోయాను.

పది నిమిషాలకు సార్ దిగివచ్చాడు. క్షమించమని అడగలేదు, ఓదార్చలేదు. నాకు రెండు మెట్లు పైన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నేను కండక్టర్‌ను," అన్నాడు. "ఎర్కనా నీకు?"

నేను తల ఎత్తి చూశాను.

"పదకొండేండ్లు జేసిన. గీ రోడ్డు మీదనే. తర్వాత టికెట్లు కొట్టే మిషన్లు ఇచ్చిన్రు. నా రూట్ల సరూర్‌నగర్ అని మొదలయ్యే స్టాపులు రెండు. ఒకటి పోస్టాఫీసు, గది ముందొస్తది. ఇంకోటి చెరువుకట్ట, గది ఎన్కొస్తది. మిషన్ అద్దం చిన్నది, పన్నెండు ఇంగ్లీషు అక్షరాలే పడ్తయి. స్టాపు పేరు వెతికేటందుకు కిందికి పోయి మీదికి ఒస్తమా, గప్పుడు అద్దంల పట్టేటందుకు పేరును నరుకుతది. అద్దంల నరికితే మంచిదే. కానీ అసలు పేరునే నరికింది. రెండిట్ల వట్టి సరూర్‌నగరే మిగిలింది, రెండు పేర్లు ఒక్కటే అయినయ్. చెరువుకట్టకు కొడితే, ముందుగల దొరికిన పోస్టాఫీసు టికెట్ వచ్చేది."

వీధిలో నినాదాలు దగ్గరయ్యాయి. ఆయన మెట్ల మలుపులో ఉన్న కిటికీ దగ్గరికి వెళ్ళి, చెయ్యెత్తి "జై తెలంగాణ" అని అరిచి, మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డాడు.

"నాకు చార్జీలన్నీ నోటికొచ్చు. టికెట్ దిక్కు చూస్తనా? చెరువుకట్టకు ఎంతనో గంత తీసుకుంటి. మిషన్ల తక్కువ పడ్డది. చెకింగోళ్ళు ఎక్కిన్రు. టికెట్ల ఉన్నదానికన్న నా బ్యాగుల ఎక్కువున్నది. ఇగ దొంగ అన్నరు."

"మిషన్ చూపించలేదా సార్?"

"చూపిచ్చిన. డిపోల బంద్ చేసి మల్ల చాలు చేసిన్రు. చాలు జేస్తే పేర్లన్నీ కొత్తగ ఒస్తయి కదా. సుద్దపూస లెక్క సక్కగ కొట్టింది. ఎంక్వైరీ జేసే ఆఫీసర్ నవ్విండు. 'మిషన్ అబద్ధం చెప్తదా? నువ్వు చెప్తవా?' అన్నడు."

ఆ మాట చెప్పి, గోడను వదిలి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"మిషన్ల ఎవడు ఏం రాసిండో తెల్సుకుందామని ఈడికొచ్చిన. నేను ఇంటర్ ఫెయిలు. ఫీజు కట్టలేనంటే లాబ్ ఊడుస్త అన్న. ఊడ్సుకుంట ఏడాదిన్నర కూసున్న. మూడు సార్లు మొదటికెళ్లి సదివిన, ఆఖరికి గీ లాబ్ నాకే అప్పజెప్పిన్రు. పాయింటర్ల కాడికి వచ్చినంక అర్థమైంది, గా మిషన్ల ఏం జరిగిందో. ముప్పై లైన్లు. నేనే రాసిన అసొంటి ప్రోగ్రాం. రాసి సూస్తే అచ్చం గట్లనే నరికింది. గా మిషన్ కంపెనీల కూడ ఎవడో నీ లెక్కనే ఫస్టొచ్చినోడు ఉంటడు. వార్నింగ్ వచ్చే ఉంటది వానికి."

ఆ మాటతో పైకి వెళ్ళిపోయాడు. నేను కళ్ళు తుడుచుకుని లాబ్‌కి వెళ్ళి ఆ కాస్ట్ తీసేశాను. ఆయన దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు.

ఉద్యోగంలోంచి తీసేసినా పై ఆఫీసులో ఆయన అప్పీలు ఇంకా నడుస్తూనే ఉంది. అందులో తన ముప్పై లైన్ల ప్రోగ్రాం పెట్టాలని ఆయన ఆశ. కానీ ఇంటర్ తప్పిన కండక్టరు రాసిన కాగితాన్ని ఎవరు చదువుతారు? ఇన్‌స్టిట్యూట్ లెటర్‌హెడ్ మీద 'ఈ ప్రోగ్రాంలో చెప్పింది సాంకేతికంగా నిజం' అని ఒక్క వాక్యం కావాలి. డైరెక్టర్ ఆయన జిల్లావాడే. నల్లగొండ. మెడలో కండువాతో శిబిరాలకు వెళ్ళేవాడు. 'మన నౌకరీలు మనకే' అని మైకులో మాట్లాడితే చప్పట్లు మారుమోగేవి.

నేను సర్టిఫికెట్ కోసం వెళ్ళిన రోజు సార్ కూడా ఆ గదిలోనే ఉన్నాడు. బల్ల మీద కాగితం పెట్టాడు.

"అన్నా, నిజమే ఉన్నదా లేదా సదివి సంతకం చెయ్. అబద్ధముంటే చింపెయ్."

డైరెక్టర్ చదివాడు. చదివినట్టు నటించలేదు, నిజంగానే చదివాడు. ఆయనకు సీ బాగా వచ్చు.

"నిజమే ఉన్నది. కానీ గా మిషన్ కంపెనీకి మనం ఏటా పిల్లల్ని పంపుతున్నం. ప్లేస్‌మెంట్లు పోతయి. నీ ఒక్కని కోసం ఇంతమంది పొట్ట కొట్టమంటవా?"

"నా పొట్ట ఎవలు కొట్టిన్రన్నా?"

"నువ్వు మనోడివే. ఉద్యమం గెలవనీ, అన్నీ సక్కగైతయి."

సార్ కాగితం తీసుకుని నిలువునా మడిచి వేళ్ళ మధ్య పెట్టుకుని వచ్చేశాడు. ఆ రోజు లాబ్‌లో సుద్దముక్క మాట్లాడలేదు.

ఆ ఏడాది ఇన్‌స్టిట్యూట్ ఆ కంపెనీకి పంపిన నలుగురిలో నేనొకదాన్ని. నాచారం వైపు రెండంతస్తుల చిన్న కంపెనీ. ఏది చేతికొస్తే అది పట్టుకునే రోజులు నావి. నాన్న షాపు బందుల వల్ల వారంలో సగం రోజులు మూతే. వెళ్ళేముందు సార్‌కి చెప్పాను. ఆయన ముఖం ఒక్క క్షణం గట్టిపడింది.

"పో బిడ్డా. మంచిగ జెయ్. ఏది రాసినా, ముందుగల ఉన్నదాన్ని సదివి రాయి."

చూసి చెప్పమని అడగలేదు. ఆయన అడగలేదన్నది నేను ప్రమాణం చేసి చెప్పగలను. తర్వాత ఒక ఆఫీసరు నన్ను అదే అడిగాడు కూడా.

మూడో వారంలో పాత కోడ్ ఉన్న ఫోల్డరు నాకిచ్చారు, నేర్చుకోమని. టికెట్ మిషన్‌ది. పేరును నరికే ఫంక్షన్ వెతకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. సార్ ముప్పై లైన్లలో ఊహించింది దాదాపు అలాగే ఉంది. స్టాపు పేరు స్ట్రింగ్ లిటరల్. దాని పన్నెండో అక్షరం తర్వాత సున్నా పెట్టి తెగ్గొట్టడం. ముందు బ్రాకెట్లో కాస్ట్, కంపైలర్ నోరు మూయడానికి.

అది చూసినప్పుడు నాకు కోపం రాలేదు. తప్పు ఎవరైనా చేస్తారు, నేనూ చేశాను. కోపం దాని కింద ఉన్న కొత్త వెర్షన్ చూసినప్పుడు వచ్చింది. ఫంక్షన్ మారింది. పేరు ముందు 'కాన్‌స్ట్' చేరింది. పేరును విడిగా ఒక చిన్న చోట కాపీ చేసుకుని, ఆ కాపీని మాత్రమే నరుకుతోంది. పైన ఒక్క ముక్క: 'స్టాపు పేరు తప్పు సరిచేయడమైనది.' తేదీ కూడా ఉంది. సార్‌ని తీసేసిన రెండు నెలల తర్వాత.

అంటే వాళ్ళకు తెలుసు. తప్పు తెలిసింది, దిద్దుకున్నారు, కొత్త ప్రోగ్రాం మిషన్లలో ఎక్కించారు. డిపోకి ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఒక మనిషి మెడ మీద దొంగ అన్న మాట వేలాడుతోంటే, తమ ఆఫీసులో కూర్చుని ఆ తప్పును చక్కగా, ఎంతో బాధ్యతగా సరిచేసుకున్నారు.

రెండు ఫంక్షన్లూ, రెండు తేదీలూ నోటుబుక్కులో చేత్తో రాసుకుని సాయంత్రం చైతన్యపురి వెళ్ళాను. సార్ నిలబడే చదివాడు. ఫంక్షన్ దగ్గర తల ఊపాడు. రెండో తేదీ దగ్గరికి వచ్చేసరికి, నేను చూసినన్నాళ్ళలో మొదటిసారి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వాళ్ళకు తెల్సే ఉండె," అన్నాడు.

అప్పీలు విచారణకు సాక్షిగా నా పేరు ఇచ్చాడు. నాన్న ఇల్లు పీకి పందిరేశాడు. "నీకెందుకే ఇవన్నీ? అసలే రోజులు బాగాలేవు. మనం బతకడానికొచ్చినవాళ్ళం. రేపు అటువాళ్ళూ మనల్నే అంటారు, ఇటువాళ్ళూ మనల్నే అంటారు" అన్నాడు. నాన్న భయం అబద్ధం కాదు. నా భయమూ అబద్ధం కాదు, ఉద్యోగం పోతుంది. విచారణ రోజు పొద్దున లేచి, వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాను. సిటీలో బస్సుల సమ్మె నడుస్తోంది. పైగా ఆ రోజు బందు. ఒక బస్సు లేదు, ఒక ఆటో లేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి సాకు ఉంది.

సార్ సరూర్‌నగర్ నుంచి ఆఫీసు దాకా నడిచి వెళ్ళాడు. బందు కాబట్టి ఆఫీసు కూడా మూసి ఉంది, విచారణ వాయిదా పడింది. మర్నాడు నాకు ఫోన్ చేశాడు.

"నువ్వు కూడ నడిసే వొచ్చినవా బిడ్డా? గేటు కాడ నీ కోసం సూసిన. ఎండ బాగున్నది, తిరిగి పోయినవేమో అనుకున్న."

నేను "అవును సార్" అన్నాను. అది అబద్ధమని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు.

ఆ సమ్మె రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తాలో కార్మికులు టెంటు వేసుకుని కూర్చునేవాళ్ళు. సార్ కూడా పోయి వాళ్ళ మధ్య కూర్చునేవాడు. ఒకతను, "నువ్వెందుకు? నిన్ను తీసేసిన్రు కదా" అన్నాడట. "తీసేసింది వాళ్ళు. నేను రాజీనామా ఇయ్యలేదు" అని చెప్పి, అక్కడే కూర్చున్నాడట. ఆ మాట నాతో చెప్పి కొంచెం నవ్వాడు కూడా.

విచారణకు మళ్ళీ వేసిన తేదీకి నేను వెళ్ళాను. ఆ అబద్ధమే నన్ను వెళ్ళేలా చేసింది. ముగ్గురు ఆఫీసర్లకు స్ట్రింగ్ లిటరల్ అంటే ఏమిటో, పాయింటర్ అంటే ఏమిటో, ఎందుకు దిద్దకూడదో గంటసేపు చెప్పాను. సార్ ఎలా చెప్పాడో అలాగే చెప్పాను. ఒకాయన మధ్యలో రెండుసార్లు ఫోను మాట్లాడాడు. వారం తిరక్కుండా కంపెనీ నన్ను తీసేసింది. రహస్యాలు బయటపెట్టానని.

నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. సార్ ఫోన్ చేసి రమ్మన్నాడు. సరూర్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిలు ఏరే పని నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటోంది. కాగితం నా చేతికిచ్చాడు.

'అభియోగం రుజువైనప్పటికీ, కుటుంబ పరిస్థితుల దృష్ట్యా, కనికరంతో, కొత్త నియామకంగా తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది.' మిషన్ గురించి ఒక్క ముక్క లేదు. నేను చెప్పిన గంటసేపటి మాటల్లో ఒక్క అక్షరం లేదు. కింద ఆయన సంతకానికి ఖాళీ.

"తీసుకోండి సార్," అన్నాను. నిజంగా అన్నాను. "ఉద్యోగం వచ్చింది కదా. మాటదేముంది?"

"నువ్వు అంటున్నవా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నువ్వు సదివి, రాసుకొని, ఆడ నిలవడి చెప్పినదానివి, నువ్వు అంటున్నవా మాటదేమున్నదని?"

ఆయన భార్య గుమ్మంలోంచి, "ఆ పిల్ల మంచిగనే చెప్తున్నది. ఇద్దరు ఆడపిల్లలు సదువుకుంటున్నరు. పెట్టరాదు సంతకం," అంది.

"పెడితే నేను దొంగనని నేనే రాసిచ్చినట్టు. వాళ్ళు రాసుకోనీ. నేను రాయ."

రాయలేదు. ఉత్తర్వు మీద 'రుజువైనప్పటికీ' అన్న మాట కింద గీత గీసి, అది తీసేయమని అర్జీ జతచేసి వెనక్కి పంపాడు. నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. రాష్ట్రం వచ్చిన రోజు మాత్రం ఫోన్ చేసి, "ఇగ మనోళ్ళే కదా. సదువుతరు" అన్నాడు. గొంతులో పిల్లవాడి సంబరం. మళ్ళీ అర్జీ పెట్టాడు. ఏడాదికి జవాబు వచ్చింది. లెటర్‌హెడ్ మారింది. వాక్యం మారలేదు. నాకు చదివి వినిపించి, "అక్షరం కూడ మార్వలేదు సూడు, అట్లనే దింపిన్రు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేకుండా నేను విన్నది ఆ ఒక్కసారే. అది విని భయమేసింది.

ఆ తర్వాత కూడా ఆయన అదే లాబ్‌లో, అదే జీతానికి పనిచేశాడు. నాకు ఇంకోచోట ఉద్యోగం దొరికింది, బాగానే ఉన్నాను. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి కలిసేదాన్ని. మొన్న గురువారం, లాబ్‌కు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే గుండె ఆగిపోయిందట.

ఆదివారం ఇన్‌స్టిట్యూట్ హాల్లో జరిగిన సంతాప సభకు వెళ్ళాను. ఫోటోకు పెద్ద దండ. డైరెక్టర్ పది నిమిషాలు మాట్లాడాడు. "ఎంత సౌమ్యుడో! ఒక్కనాడు ఎవల్నీ పల్లెత్తు మాటన్నడా?" అన్నాడు. నా పక్కన కూర్చున్న భీమవరం కుర్రాడు, ఇప్పుడు పెద్ద మేనేజరు, తలవంచుకుని నేల చూస్తున్నాడు. నన్ను కూడా 'రెండు మంచి మాటలు' చెప్పమన్నారు.

నేను మైకు తీసుకుని ఆ ముప్పై లైన్ల గురించి చెప్పాను. రెండు తేదీల గురించి చెప్పాను. ఈ గదికి పక్కగదిలో, ఈ డైరెక్టర్ గారు కాగితం చదివి 'నిజమే ఉన్నది' అని కూడా సంతకం పెట్టలేదని చెప్పాను. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. డైరెక్టర్ లేచి నవ్వుతూ నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"అమ్మాయి బాధల ఉన్నది. పోయినోళ్ళ గురించి మంచే మాట్లాడుకుందాం. అమ్మా, మీరు కూడ ఒక్కమాట చెప్పుర్రి," అని మైకు సార్ భార్యకు అందించాడు.

ఆమె మైకు పట్టుకోలేదు. కూర్చున్నచోటి నుంచే లేచింది. మార్కెట్లో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు, మైకు అక్కరలేదు.

"సౌమ్యుడు అన్నవ్ కద సారూ, ఆయన సౌమ్యుడేం కాదు. కోపిష్టి. ఇంట్ల కూడ గట్లనే ఉండె. వచ్చిన నౌకరి కాలదన్నిండు. మా పిల్లలకు సదువులు ఎట్ల జెప్పిచ్చిన్నో నాకెర్క. ఆయన మీద నాకు ఇప్పటికీ మండుతనే ఉంటది." కొంగుతో కళ్ళు తుడుచుకోలేదు, కొంగు నడుముకు చుట్టింది. "కానీ ఆయన దొంగతనం చెయ్యలేదు. మీరు మంచోడు, గొప్పోడు అని ఎన్ని మాట్లాడినా గా ఒక్క మాట అంటలేరు. ఈడ ఇంతమంది సదువుకున్నోళ్ళు ఉన్నరు కద. అనుర్రి. ఒక్కలన్నా లేసి అనుర్రి."

డైరెక్టర్ చేతిలో మైకు అలాగే ఉంది. ఆమె కూర్చోలేదు. అందరి ముఖాల్లోకీ ఒక్కొక్కరినే చూస్తూ, నిలబడే ఉంది.

నా పక్కన కుర్చీ కదిలింది. భీమవరం కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఆమె వైపు తిరిగాడు.

"సార్ దొంగతనం చేయలేదండీ," అన్నాడు.